రెండు మడతలు

చేతిరాత బావుంటుందని
చీటీలు నన్నే రాయమన్నారు ఆర్వో గారు.

రాత్రి పదకొండూ ఇరవై.
ఇండోర్ స్టేడియంలో
బ్యాడ్మింటన్ కోర్టు తెల్లగీతల్ని తొక్కుకుంటూ బల్లలు.
మిగతా వార్డులన్నీ ఎప్పుడో తేలిపోయి
దండలేసుకుని, టపాసులు కాల్చుకుని
బీచిరోడ్డు వైపు వెళ్లిపోయాయి.
మాదొక్కటే మిగిలింది.
గొడుగుకి రెండువేల మూడువందల పదిహేడు.
కుట్టుమిషనుకి రెండువేల మూడువందల పదిహేడు.

గొడుగంటే పొట్నూరి భానుమతి.
జైలురోడ్డు పక్కసందులో ఆడపిల్లలకి
జాకెట్లు కుట్టడం నేర్పుతుంది.
కుట్టుమిషను కావాలని అడిగితే గొడుగొచ్చింది.
ఆ మిషను పోయి పోయి
హార్బరులో ఐసు అమ్మే తెడ్డు ఎల్లాజీకి తగిలింది.

మొదటి లెక్కలో గొడుగు మూడు ఎక్కువ.
రెండో లెక్కలో మిషను ఒకటి.
మూడోసారి పాతికల కట్టలన్నీ విప్పి
పురిటిబిడ్డని తిప్పి తిప్పి చూసినట్టు
ఒక్కో కాగితాన్నీ చూశాం.
ముద్ర సరిగ్గా ఇద్దరి మధ్య గీత మీద పడినవి కొన్ని.
అది తడబాటో, తీర్పో
అడుగుదామంటే ఆ చెయ్యి ఇక్కడ లేదు.
ఒకదాని మీద పెన్సిలుతో రాసుంది:
'మేదరవీధి మలుపులో కుళాయికి తల లేదు.'
అభ్యర్థులిద్దరూ చదివారు.
ఇద్దరూ తలలూపారు.
దాన్ని చెల్లని కట్టలో కలిపేశాం.

సమానమైతే చీటీ తియ్యాలట.
ఆర్వో గారు పుస్తకంలోంచి చదువుతుంటే
ఆయన గొంతు ఆయనకే నచ్చనట్టుంది.

ఒకే కాగితాన్ని చించాను. ఒకే పెన్ను.
ఎల్లాజీ పేరు పొట్టి, భానుమతి పేరు పొడుగు.
ఎక్కువ సిరాకి ఆ చీటీ బరువెక్కుతుందేమోనని
నాకో పిచ్చిభయం.
రెండు మడతలు చాలన్నారు ఏజెంట్లు,
మూడోది వేస్తే వేలికి తెలిసిపోతుందట.
ఆర్వో గారి టిఫిను డబ్బా కడిగి తెచ్చారు.
కడిగినా నిమ్మకాయ పులిహోర వాసనే.

ఎవరు తియ్యాలి?
రాసినవాణ్ణి, నేను పనికిరాను.
పోలీసొద్దు. విలేకరి అసలే వద్దు.
చూపులన్నీ హాలంతా తిరిగొచ్చి
టీ గ్లాసులు ఏరుతున్న అసిరమ్మ దగ్గర ఆగాయి.
"నానా?" అంది.

ఇక్కడో మాట ఎవరికీ తెలీదు.
అసిరమ్మది ఈ వార్డే.
పోలింగు నాడు తెల్లారుజామున నాలుగింటికే
గాజువాక దాటి ఎక్కడో డ్యూటీ వేశాం.
పోస్టల్ ఓటుకి దరఖాస్తు పెట్టుకుంది,
వేలిముద్ర కాదు, సంతకమే,
వంకరగా, మూడక్షరాలూ మూడు వైపులకి చూస్తూ.
అది నా ట్రేలోనే ఉండిపోయింది.
గడువు దాటిన రెండోరోజు
కరెంటు బిల్లు కింద కనపడింది.
చించెయ్యలేదు. పైకి పంపనూ లేదు.

నోరు విప్పాల్సింది అప్పుడే.
ఫ్యాను గాలికి చీటీలు ఎగిరిపోకుండా
డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి
నిలబడ్డాను, అంతే.

చెంగుకి చేతులు తుడుచుకుంది.
ఎడమచెయ్యి ముందుకొచ్చి, వెనక్కెళ్లి,
కుడిచెయ్యి వచ్చింది.
సిరాచుక్క లేని వేలు.

భానుమతి.

గేటు బయట డప్పులు ఒక్కసారిగా లేచాయి.
ఆవిడ మాత్రం నవ్వలేదు, కుర్చీ కోసం వెతుక్కుంది.
ఎల్లాజీ మెల్లగా డబ్బా దగ్గరికొచ్చి
మిగిలిన చీటీ విప్పాడు.
తన పేరుందో లేదో చూసుకున్నాడు.
ఉంది.
నా గుండ్రటి అక్షరాల్లో, దీర్ఘాలతో సహా.
అవే రెండు మడతలు మళ్లీ వేసి
చొక్కా జేబులో పెట్టుకుని
నాకు దణ్ణం పెట్టాడు.
ఆ దణ్ణం ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

ఒంటిగంటకి లైట్లు సగం ఆర్పేశాక అడిగాను,
"ఓటొచ్చుంటే ఎవరికేసేదానివి అసిరమ్మా?"

"ఆ కాయితమొస్తే కదేటి బాబూ,
ఆలోసించడానికి."

గ్లాసులు లెక్కపెట్టుకుంది.
ఒకటి తగ్గింది.
ట్రే కింద పెట్టి
మళ్లీ మొదట్నుంచి మొదలెట్టింది.